రన్‌ఆఫ్ ఓటింగ్ ఎలా జరుగుతుంది, మన అపార్ట్‌మెంట్‌లో ఎలా జరపాలి

2019 విశాఖ లోక్‌సభ ఫలితం ఒకసారి తీసి చూడండి. వైఎస్సార్‌సీపీ నుంచి ఎంవీవీ సత్యనారాయణకి 4,36,906 ఓట్లు, టీడీపీ నుంచి శ్రీభరత్‌కి 4,32,492, తేడా 4,414. జనసేన తరఫున నిలబడ్డ వీవీ లక్ష్మీనారాయణకి, అదే మన జేడీ గారికి, 2.88 లక్షలు పడ్డాయి. గెలిచినాయన వాటా సుమారు 35 శాతం. అంటే ఓటేసిన వంద మందిలో 65 మంది వేరేవాళ్ళకి వేశారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, మన దేశంలో ఎంపీ, ఎమ్మెల్యే ఎన్నికల రూలే అది, అందరికంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు. కానీ ఆ 2.88 లక్షల మందిని పిలిచి "మీవాడు ఎలాగూ గెలవట్లేదు, మిగిలిన ఇద్దరిలో మీకు ఎవరు నయం?" అని అడిగి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. చెప్తామనే వాళ్ళు టీ కొట్టు దగ్గర చాలామంది ఉంటారు, నమ్మకండి.

రన్‌ఆఫ్ అంటే ఆ ప్రశ్న నిజంగా అడగడమే. ఎవరికీ సగానికి మించి రాకపోతే, వెనకబడ్డవాళ్ళని తప్పించి, ముందున్నవాళ్ళ మధ్య మళ్ళీ తేల్చడం.

పార్లమెంటుకి ఈ పద్ధతి తెచ్చే పని మన చేతిలో లేదు గానీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి తెచ్చుకోవచ్చు. మధురవాడ, పీఎం పాలెం వైపు వంద, రెండొందల ఫ్లాట్ల అపార్ట్‌మెంట్లలో ప్రెసిడెంట్ ఎన్నికంటే ఇప్పుడు చిన్న విషయం కాదు. నలుగురు నిలబడతారు, ముప్ఫై శాతంతో ఒకరు గెలుస్తారు, ఇక మెయింటెనెన్స్ రెండొందలు పెంచినా, ఉప్పుగాలికి తుప్పు పట్టిన గేటు మార్చినా, "అసలు నీకు ఓటేసిందెంతమంది" అని వాట్సాప్ గ్రూపులో మొదలవుతుంది. ఆ టెన్షన్ తగ్గాలంటే రన్‌ఆఫ్ పనికొస్తుంది, సరిగ్గా జరిపితే. సగంసగం తెలుసుకుని జరిపితే మాత్రం గొడవ ఇంకా పెద్దదవుతుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మెట్టు 1: ఏ రకమో ముందు తేల్చుకోండి

ప్రధానంగా రెండు రకాలు.

ఒకటి, రెండు విడతల పోలింగ్. మొదటి విడతలో అందరూ పోటీ, ఎవరికీ సగం దాటకపోతే పై ఇద్దరికీ మళ్ళీ ఇంకో రోజు పోలింగ్. ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నిక ఇలాగే, రెండు వారాల తేడాతో జరుగుతుంది. బ్రెజిల్‌లోనూ ఇంతే: 2022లో మొదటి విడతలో లూలాకి 48.43 శాతం వచ్చి కొద్దిలో ఆగిపోయారు, రెండో విడతలో 50.90తో గట్టెక్కారు. అర్జెంటీనా వాళ్ళకి గీత వేరేచోట ఉంటుంది, 45 శాతం వచ్చినా చాలు, లేదా 40 వచ్చి రెండోవాడి కంటే 10 ఎక్కువున్నా చాలు. 2023లో అక్కడ మొదటి విడతలో సెర్గియో మాసా ముందుంటే, రెండో విడతలో హావియర్ మిలే 55 శాతం పైగా తెచ్చుకుని గెలిచారు. అట్లాంటా వైపు మీ చుట్టాలుంటే అడగండి, జార్జియా రాష్ట్రంలో రన్‌ఆఫ్ వాళ్ళకి బాగా అలవాటు. 2020 నవంబరులో సెనేట్ సీటుకి డేవిడ్ పెర్డ్యూకి 49.7 శాతం వచ్చింది, ఇంకో పిసరుంటే అయిపోయేది. 2021 జనవరి 5న జరిగిన రన్‌ఆఫ్‌లో జాన్ ఆసాఫ్ గెలిచారు.

రెండోది, ప్రాధాన్యత ఓటు. మళ్ళీ పోలింగ్ ఉండదు, ఒకే చీటీ మీద 1, 2, 3 అని వేసేస్తారు, ఆఖరున ఉన్నవాణ్ణి తీసేసి అతని చీటీల్ని తర్వాతి అంకె ఎవరికుంటే వాళ్ళకి పంచుతారు. దీన్ని ఇన్‌స్టంట్ రన్‌ఆఫ్ అంటారు. ఆస్ట్రేలియా వాళ్ళు 1918 నుంచి దిగువ సభకి ఇలాగే ఎన్నుకుంటున్నారు.

ఇది విదేశీ సరుకు అనుకునేరు, మీ ఇంట్లో డిగ్రీ ఉన్నవాళ్ళో టీచర్లో ఉంటే వాళ్ళు ఈ చీటీ పట్టుకునే ఉంటారు. ఎమ్మెల్సీ పట్టభద్రుల, ఉపాధ్యాయుల స్థానాలకి ఇదే పద్ధతి. 2023 మార్చిలో ఉత్తరాంధ్ర పట్టభద్రుల స్థానానికి 37 మంది పోటీ చేశారు. వేపాడ చిరంజీవిరావు మొదటి ప్రాధాన్యతలో బాగా ముందున్నా, గెలవడానికి కావాల్సినన్ని ఓట్లు, అంటే కోటా, అందలేదు, ఒక్కొక్కరినీ తీసేస్తూ రెండో ప్రాధాన్యత ఓట్లు లెక్కించాకే గెలుపు ఖాయమైంది. 2025లో ఉపాధ్యాయుల స్థానం ఇంకా చక్కని ఉదాహరణ. మొదటి లెక్కలో గాదె శ్రీనివాసులునాయుడికి 7,200 చిల్లర, పాకలపాటి రఘువర్మకి 6,800 చిల్లర, విజయగౌరికి 5,800 చిల్లర. గెలవాలంటే పదివేలు దాటాలి. ఎవరూ దగ్గర్లో లేరు. మూడో స్థానంలో ఉన్నావిడ చీటీల మీద "2" ఎవరికి పడిందన్నదే ఫలితం తేల్చింది, శ్రీనివాసులునాయుడు గెలిచారు.

అపార్ట్‌మెంట్‌కి ఏది మంచిదంటారా? నా ఓటు రెండోదానికే. ఆదివారం పూట జనాన్ని క్లబ్‌హౌస్‌కి ఒకసారి రప్పించడమే గగనం, వారం తిరక్కుండా మళ్ళీ రమ్మంటే సగం మంది సింహాచలం వెళ్ళామనో, పెళ్ళుందనో అంటారు. రెండో విడతకి నలభై మందే వచ్చి అందులో ఇరవై ఒక్క ఓట్లతో ఒకరు గెలిస్తే మళ్ళీ మొదటికొచ్చినట్టే.

మెట్టు 2: సగం అంటే దేంట్లో సగం?

ఈ మెట్టు దగ్గర కాసేపు ఆగాలి. రన్‌ఆఫ్ మీద వచ్చే తగాదాలన్నీ తవ్వుకుంటూ పోతే ఇక్కడే తేలతాయి.

120 ఫ్లాట్లున్నాయి, 116 మంది వేశారు, 4 చెల్లలేదు. సగం అంటే 60నా, 58నా, 56నా? మూడూ సగాలే. మన ఎమ్మెల్సీ లెక్కింపులో అయితే చెల్లిన ఓట్లనే తీసుకుని, రెండుతో భాగించి, శేషం వదిలేసి, ఒకటి కలుపుతారు. 112 చెల్లితే 56 కి ఒకటి కలిపి 57. దాన్నే కోటా అంటారు. మీరూ అదే పెట్టుకోండి, అడిగినవాళ్ళకి ఎమ్మెల్సీ లెక్కే ఇదని చెప్పొచ్చు.

అక్కడితో అయిపోదు. చీటీ మీద 1 మాత్రమే వేసి మిగతాది ఖాళీగా వదిలేసినవాళ్ళ సంగతేంటి? వాళ్ళవాడు పోయాక ఆ చీటీ ఎటూ పోదు, ఎగ్జాస్ట్ అయిందంటారు. అప్పుడు దాన్ని లెక్కలో ఉంచాలా, తీసేయాలా?

బంగాళాఖాతం పక్కనే ఉన్న శ్రీలంకని చూడండి. అక్కడ అధ్యక్ష ఎన్నికలో మూడు ప్రాధాన్యతల దాకా వెయ్యొచ్చు, ఎవరికీ సగం దాటకపోతే పై ఇద్దరినీ ఉంచి మిగతా అందరినీ ఒకేసారి తీసేస్తారు. 2024 సెప్టెంబరు 21 ఎన్నికలో, వాళ్ళ చరిత్రలోనే మొదటిసారి, రెండో లెక్క అవసరమైంది. చెల్లిన ఓట్లు 1,33,19,616. అనుర కుమార దిసనాయకెకి 56,34,915, సజిత్ ప్రేమదాసకి 43,63,035. మిగతావాళ్ళవన్నీ కలిపితే 33 లక్షల పైమాటే. ఆ 33 లక్షల చీటీల్లోంచి ఈ ఇద్దరికీ కలిపి చేరింది ఎంతో తెలుసా, 2.73 లక్షలు. మిగతా చీటీల మీద ఈ ఇద్దరిలో ఎవరికీ అంకె లేదు. చివరి లెక్క 57,40,179, 45,30,902. ఈ రెండింటి మొత్తంలో దిసనాయకె వాటా 55.89 శాతం. మొదట చెల్లిన ఓట్లన్నిటి మీద వేస్తే 43 శాతం. రెండు అంకెలూ నిజమే, వాళ్ళ చట్టం ప్రకారం గెలుపూ సక్రమమే, కానీ "సగానికి మించి వచ్చాయి" అన్న మాటకి ఏ సగం అని పక్కన చెప్పకపోతే అర్థం ఉండదు.

మీ రూల్‌లో ఒక వాక్యం రాసి పెట్టుకోండి: ఆఖరికి ఇద్దరే మిగిలితే, కోటా అందినా అందకపోయినా, ఎక్కువున్నవారే విజేత. ఈ ఒక్క వాక్యం లేక రాత్రి పదకొండింటిదాకా కొట్టుకోవచ్చు.

మెట్టు 3: రూల్ కాగితం, నామినేషన్లకి ముందే

జనరల్ బాడీలో పెట్టి, మీ బైలాస్‌లో మార్పులకి ఏ పద్ధతి ఉందో ఆ పద్ధతిలోనే ఆమోదించుకోండి. ఎవరు నిలబడుతున్నారో తెలియకముందే ఈ పని కావాలి. తెలిశాక ప్రతి రూల్ వెనకా ఎవరో ఒకరి పేరు కనబడుతుంది.

ఫ్లాట్‌కి ఒక ఓటా, మనిషికి ఒకటా, అద్దెకున్నవాళ్ళకి ఉందా లేదా, బకాయిలున్నవాళ్ళ సంగతేంటి, ఇవన్నీ ఏ ఎన్నికకైనా ఉండేవే, మీ బైలాస్‌లో చూసుకోండి. రన్‌ఆఫ్‌కి ప్రత్యేకంగా కావాల్సింది ఇంకొన్ని.

ఆఖరు స్థానంలో ఇద్దరికి సమానంగా వస్తే ఎవరిని తీసేయాలి? మొదటి లెక్కలో తక్కువ వచ్చినవాళ్ళని. అదీ సమానమైతే చీటీ తీయడమే. లాటరీ ఏంటండీ అని ముఖం చిట్లించకండి, మన దేశంలో ఎంపీ, ఎమ్మెల్యే ఎన్నికలో సమానంగా వచ్చినా 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్ చెప్పేది లాటరీయే. సమానం దాకా ఎక్కడొస్తుందిలే అనుకునేవాళ్ళకి పక్కనున్న అనకాపల్లిని గుర్తు చేయండి, 1989లో కొణతాల రామకృష్ణ అక్కడి లోక్‌సభ సీటు గెలిచింది 9 ఓట్ల తేడాతో. లక్షల ఓట్లలో తొమ్మిది. మీ దగ్గరున్నవే నూట పన్నెండు.

మధ్యలో ఒకరు తప్పుకుంటే? చీటీలు అచ్చయ్యాక తప్పుకోవడం లేదు అని రాసేయండి, తలనొప్పి ఉండదు. రెండు విడతల పద్ధతి పెట్టుకుంటే మాత్రం మొదటి విడత తర్వాత పై ఇద్దరిలో ఒకరు తప్పుకునే ప్రమాదం నిజంగానే ఉంది, అలాంటప్పుడు మూడో స్థానం వారు పైకి వస్తారని ముందే ఉండాలి.

మెట్టు 4: చీటీ, పెన్ను

ఎమ్మెల్సీ పోలింగ్‌లో ఊదారంగు స్కెచ్ పెన్ను వాళ్ళే ఇస్తారు, దాంతోనే వెయ్యాలి, సొంత పెన్ను వాడితే ఓటు పోతుంది. దీనికి కారణముంది, ఒక్కొక్కరు ఒక్కో రంగుతో వేస్తే ఎవరి చీటీ ఏదో తెలిసిపోతుంది. మీరూ ఒకే డబ్బా నుంచి ఒకే రంగు పెన్నులు కొని బూత్‌లో దారంతో కట్టి పెట్టండి.

పేర్ల ఎదురుగా ఖాళీ గడి ఉండాలి, అందులో అంకె మాత్రమే. టిక్కు, ఇంటూ, "ఒకటి" అని అక్షరాల్లో రాయడం, కింద సంతకం, ఇవేవీ చెల్లవు. 1 వేయకుండా 2, 3 వేసినా, ఇద్దరికి 1 వేసినా, ఒకే పేరు ఎదుట 1 తో పాటు ఇంకో అంకె వేసినా చెల్లదు. 1 వేసి ఆపేస్తే మాత్రం చెల్లుతుంది. డిగ్రీ ఉన్నవాళ్ళే ఓటేసే 2023 ఎన్నికలోనూ చెల్లని ఓట్లు వేలల్లో వచ్చాయి, కాబట్టి మన అపార్ట్‌మెంట్‌లో అందరూ చదువుకున్నవాళ్ళే అన్న ధీమా వద్దు. ముందురోజు నమూనా చీటీ నింపి లిఫ్ట్ పక్కన అతికించండి, కానీ నమూనాలో అసలు అభ్యర్థుల పేర్లు వాడకండి, పండ్ల పేర్లు పెట్టండి. అసలు పేర్లు పెట్టి ఒకరి ఎదుట 1 వేశారంటే అది ప్రచారం అయిపోతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీని మీద అపోహ చాలా ఉంది. 2 వేస్తే నా 1 బలం తగ్గుతుందేమో అని చాలామంది భయపడతారు. తగ్గదు. మీ 1 పోటీలో ఉన్నంతవరకు మీ 2 ని ఎవరూ చూడరు, అతను పోయాకే దానికి పని.

మెట్టు 5: లెక్కింపు

క్లబ్‌హౌస్‌లో టేబుల్ టెన్నిస్ బల్ల ఉంటే అదే మంచి చోటు. ఫ్యాన్ ఆపేయండి, కిటికీలు మూసేయండి, సాయంత్రం సముద్రం గాలికి చీటీలు లేచిపోతాయి. అభ్యర్థికొక ప్లాస్టిక్ ట్రే, చెల్లనివాటికి ఒకటి, ఎగ్జాస్ట్ అయినవాటికి ఒకటి. పదేసి చీటీలకి రబ్బరు బ్యాండు. అభ్యర్థికొక ఏజెంట్.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. నలుగురు అభ్యర్థులు, పేర్లెందుకు, వాళ్ళు ఎత్తుకున్న సమస్యలతోనే పిలుద్దాం. చెల్లినవి 112, కోటా 57.

మొదటి లెక్క: లిఫ్ట్ ఆయనకి 40, నీళ్ళ ట్యాంకర్ల ఆవిడకి 33, పార్కింగ్ ఆయనకి 27, సోలార్ కుర్రాడికి 12.

మామూలు పద్ధతిలో అయితే ఇక్కడితో లిఫ్ట్ ఆయన దండ వేసుకుని ఇంటికెళ్ళిపోయేవాడు. కానీ 57 రాలేదు. ఆఖరున ఉన్న సోలార్ కుర్రాణ్ణి తీసేయాలి. అతని 12 చీటీలు విప్పి 2 ఎవరికో చూస్తే పార్కింగ్‌కి 7, నీళ్ళకి 2, లిఫ్ట్‌కి 1, మిగతా రెండిటి మీద 1 తప్ప ఇంకేం లేదు.

రెండో లెక్క: లిఫ్ట్ 41, నీళ్ళు 35, పార్కింగ్ 34, ఎగ్జాస్ట్ 2. మొత్తం 112 వచ్చిందా అని ప్రతి లెక్క చివరా కూడి చూడాలి, రాకపోతే ముందుకి వెళ్ళొద్దు.

ఇప్పుడు పార్కింగ్ ఆయన పోతాడు. ఆయన ట్రేలో రెండు రకాల చీటీలున్నాయి: తన సొంత 27, సోలార్ నుంచి వచ్చిన 7. సొంతవాటిలో 2 చూడాలి, వచ్చినవాటిలో 3 చూడాలి. 2 అన్నది ఇప్పటికే పోటీ నుంచి పోయినవాళ్ళకి ఉంటే దాన్ని దాటి తర్వాతి అంకెకి వెళ్ళాలి. రాత్రిపూట అలసిపోయి తప్పు చేసేది ఇక్కడే, అందుకే బయటి నుంచి వచ్చిన చీటీల్ని ట్రేలో కలిపేయకుండా వేరే బ్యాండు వేసి ఉంచాలి. ఆ 34లో నీళ్ళకి 19, లిఫ్ట్‌కి 8, ఎటూ పోనివి 7.

మూడో లెక్క: నీళ్ళ ఆవిడ 54, లిఫ్ట్ ఆయన 49, ఎగ్జాస్ట్ 9.

57 ఎవరికీ రాలేదు చూశారా. ఇద్దరే మిగిలారు కాబట్టి మెట్టు 2లో రాసుకున్న వాక్యం ప్రకారం ఆవిడే ప్రెసిడెంట్. పోటీలో మిగిలిన 103 చీటీల్లో 52 శాతం, మొత్తం 112లో 48 శాతం. ఫలితం చెప్పేటప్పుడు రెండూ చెప్పండి.

ఇలా వెనకనుంచి వచ్చి గెలవడం ప్రతిసారీ జరిగేది కాదు. 1969 రాష్ట్రపతి ఎన్నిక చూడండి, ఇద్దరూ మన తెలుగువాళ్ళే, బరంపురంలో పుట్టిన వీవీ గిరి, అనంతపురం జిల్లా నుంచి నీలం సంజీవరెడ్డి. మొదటి ప్రాధాన్యతలో ఓట్ల విలువ గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సీడీ దేశ్‌ముఖ్‌కి 1,12,769. కోటా 4,18,169. చిన్న అభ్యర్థుల్నీ, చివరికి దేశ్‌ముఖ్‌నీ తీసేశాక గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. దాదాపు 88 వేల ఆధిక్యం 15 వేల లోపుకి పడిపోయింది, అయినా మొదట ముందున్నాయనే గెలిచారు.

మెట్టు 6: దీని లోపాలు కూడా తెలిసి ఉండాలి

పై ఉదాహరణలో రెండో లెక్కకి మళ్ళీ వెళ్ళండి. పార్కింగ్ ఆయన ఒక్క ఓటు తేడాతో పోయాడు. సోలార్ వాళ్ళలో 1 వేసి ఆపేసిన ఆ ఇద్దరూ పార్కింగ్‌కి 2 వేసి ఉంటే ఆయనకి 36, పోయేది నీళ్ళ ఆవిడ. అప్పుడు ఆవిడ చీటీల్లో ఎక్కువ భాగం పార్కింగ్ వైపు వెళ్తే గెలిచేది ఆయనే కావచ్చు. అందరికీ రెండో ఇష్టం అయి, ఎక్కువమందికి మొదటి ఇష్టం కానివాళ్ళు ఈ పద్ధతిలో మధ్యలోనే రాలిపోతారు. అమెరికాలో బర్లింగ్టన్ మేయర్ ఎన్నికలో 2009లో అచ్చంగా ఇదే జరిగింది, ముఖాముఖి పెడితే ఎవరినైనా ఓడించగల అభ్యర్థి మూడో స్థానంలో ఆగిపోయాడు.

రెండు విడతల పద్ధతికి ఇంకో రోగం. ఒకే భావాలున్నవాళ్ళు ఎక్కువమంది నిలబడితే వాళ్ళ ఓట్లు చీలి అసలు రెండో విడతకే ఎవరూ చేరరు. 2002లో ఫ్రాన్స్‌లో 16 మంది నిలబడ్డారు. అధ్యక్షుడిగా ఉన్న మితవాద నాయకుడు షిరాక్‌కి 19.88, అతి మితవాది లె పెన్‌కి 16.86, ప్రధానిగా ఉన్న వామపక్ష నాయకుడు జోస్పాన్‌కి 16.18. రెండో విడతకి షిరాక్, లె పెన్ వెళ్ళారు, వామపక్షం ఓటర్లు ముక్కు మూసుకుని షిరాక్‌కి వేశారు, ఆయనకి 82 శాతం పైన వచ్చింది. ఆ 82 ఆయన మీద ప్రేమ అనుకుంటే పొరపాటే.

కాబట్టి రన్‌ఆఫ్‌లో గెలిచినవాళ్ళు "నాకు సగానికి మించి ఉంది" అని కాలరెగరేస్తే మొదటి లెక్క తీసి చూపించండి.

మెట్టు 7: కాగితాలు

ప్రతి లెక్కకీ ఒక వరుస ఉండేలా షీట్ గీయండి: ఎవరికి ఎన్ని, ఎవరు పోయారు, వాళ్ళ చీటీలు ఎటు వెళ్ళాయి, ఎగ్జాస్ట్ ఎన్ని, మొత్తం ఎంత. చీటీలు చివరి లెక్కలో ఏ ట్రేలో ఉన్నాయో అలాగే కట్టలు కట్టి, కవర్లో పెట్టి, ఏజెంట్లందరితో అతుకు మీద సంతకాలు పెట్టించి, మీ రూల్‌లో రాసుకున్న గడువు దాకా దాచండి. మళ్ళీ లెక్కించమని ఎవరైనా అడిగితే మొదటి నుంచి మొదలుపెట్టాలి, ఆఖరి రెండు కట్టలు లెక్కపెడితే సరిపోదు, ఎందుకంటే తేడా వచ్చేది ఎక్కువగా ఎవరు ముందు పోయారన్న దగ్గరే. షీట్ మీద సంతకాలన్నీ అయ్యాకే ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, మధ్యలో "మనవాడు 40తో ముందున్నాడు" అని ఎవరైనా ఏజెంట్ పెట్టేస్తే కింద టపాసులు మొదలైపోతాయి, లెక్కింపు అయ్యేదాకా ఏజెంట్ల ఫోన్లు వాచ్‌మన్ టేబుల్ సొరుగులోనే ఉండాలి.